గట్టు మీద ఏముందో చూసి రండి

పెళ్లయిన మొదటి ఏడు సద్దుల బతుకమ్మను నేనొక్కదాన్నే పేర్చాను. సాయం వస్తామన్న ఆడబిడ్డలను కూడా కూర్చోబెట్టాను. మోకాలు దాటిన ఎత్తు, వరుస వరుసకు ఒక రంగు, పైన గుమ్మడి పువ్వు. వాకిట్లో దించితే పక్కింటివాళ్లు కూడా వచ్చి చూశారు. చెరువుగట్టు ఇంటికి దూరమేమీ కాదు. సగం దారిలో బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. ఇంకో పది అడుగులు వేసేసరికి నడుము విరిగినట్టు కూలింది. తంగేడు నా భుజం మీద, గునుగు కట్టలు బాట మీద, గుమ్మడి పువ్వు ఎవరి కాలి కింద పడిందో తెలియదు. మా అత్తమ్మ కోప్పడలేదు. పడ్డ పూలు ఏరి కొంగులో వేసుకుంటూ, "పైన సింగారం మంచిగనే చేసినవు బిడ్డా, లోపల కూరలేదు" అన్నది.

అంతకు ముందు వారం ఒక పత్రిక ముఖచిత్రం మీద బతుకమ్మ ఫొటో చూశాను. దాన్ని మడిచి దగ్గర పెట్టుకుని, అందులో ఏ రంగు పక్కన ఏ రంగుందో అలాగే పేర్చాను. ఫొటోలో పూలు కనిపిస్తాయి. పూల వెనక దట్టించిన తంగేడు ఆకు, తుంచి పడేసిన కాడలు, నలిపిన గుమ్మడాకు కనిపించవు. నాకు కనిపించనిది నేను వేయలేదు. లోపల బోలుగా ఉన్నది ఎంతసేపు నిలుస్తుంది?

ఇప్పుడు పత్రికల ముఖచిత్రాల స్థానంలో ఫోన్ వీడియోలు వచ్చాయి. తప్పు మాత్రం అదే. ముందు బొమ్మ చూస్తాం, ఆ బొమ్మకు కావలసిన సామాను జాబితా రాసుకుంటాం, బజారుకు పోతాం. అక్కడ దొరికింది కొంత, దొరకనిది కొంత. ఇంటికొచ్చి చేస్తే వీడియోలో ఉన్నట్టు రాదు. "నాకు చేతిపని రాదు" అని తేల్చేసుకుంటాం. ఈ మాట అన్న ఆడవాళ్లను, మగవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో చపాతీ గుండ్రంగా చేయలేనివాళ్లు, చీర కుచ్చిళ్లు పట్టలేనివాళ్లు, పత్తి మూట కట్టలేనివాళ్లు ఒక్కరూ లేరు. వేళ్లకు రావలసినదంతా ఎప్పుడో వచ్చేసింది. తిరగేసి పట్టుకున్నది పని వరుస ఒక్కటే. సామాను ముందు, నమూనా తర్వాత. ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఇదొక్కటే, మిగతాదంతా దాన్ని ఎట్లా చేయాలో.

నా తల్లిగారిల్లు మానుకోట దిక్కు, అత్తగారిల్లు జనగామ దిక్కు. మా ఆయనకు సింగరేణిలో ఉద్యోగం కావడంతో చాలా ఏళ్లు భూపాలపల్లి క్వార్టర్లలో ఉన్నాం. 2016 అక్టోబర్ 11న ఈ మూడు ఊళ్ల పేర్లతో మూడు జిల్లాలయ్యాయి గానీ, అంతకు ముందు మాకు అన్నీ ఓరుగల్లు జిల్లానే. జిల్లా ఒక్కటే అయినా గట్లు మాత్రం ఒకటి కావు. జనగామ దిక్కు మెట్ట, తంగేడు చెలకలు. భూపాలపల్లి దాటితే అడవి, మోదుగ. మానుకోట దిక్కు తండాలు, మిర్చి కల్లాలు. పండుగ దగ్గర పడినప్పుడు మా నానమ్మ ముందు చేసే పని పొద్దున్నే గట్ల మీద ఒక చుట్టు తిరిగి రావడం. వచ్చి, "ఈ ఏడు కట్లపూలు తక్కువున్నయి, గునుగు బాగున్నది" అనేది. ఆ ఏడు బతుకమ్మ ఎట్లా ఉండబోతుందో ఆ ఒక్క మాటలో ఖాయమైపోయేది.

మీరు కూడా అదే చేయండి. పండుగకు వారం ముందు ఒక చుట్టు తిరగండి. పట్నంలో ఉంటే మేడ మీదికి ఎక్కండి, వంటింటి అటక చూడండి, పాత చీరల పెట్టె తెరవండి. ఏది పోగుపడి ఉందో అదే ఈసారి మీ అలంకరణ.

బతుకమ్మ దగ్గర ఆగుదాం

చేత్తో చేసే అలంకరణ అనగానే మా దగ్గర మొదట గుర్తొచ్చేది బతుకమ్మే కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుతాను. దీన్ని చేస్తాం అనం, పేరుస్తాం అంటాం. ఆ క్రియలోనే పద్ధతి ఉంది. అంటించడం లేదు, అతకడం లేదు. ఒకదాని మీద ఒకటి, దాని బరువుతో ఇది, దీని బరువుతో అది నిలబడాలి.

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దులతో ముగిసే ఈ తొమ్మిది రోజులు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎంత బాగా కుదిరాయో ఆలోచించండి. మొదటి రోజు చిన్నది పేర్చినా ఎవరూ ఏమీ అనరు. రోజురోజుకూ చెయ్యి తిరుగుతుంది. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు అసలు పేర్చరు. అమ్మవారు అలిగిందంటారు. నాకైతే వరుసగా అయిదు రోజులు పూలు కోసి, కట్టి, నడుము వంచి కూర్చున్న ఆడవాళ్లకు ఎవరో తెలివైన పెద్దమ్మ ఇప్పించిన సెలవులా కనిపిస్తుంది. పెద్దది పేర్చే సద్దుల రోజు చివరికి వస్తుంది, అప్పటికి ఏడు బతుకమ్మల అనుభవం మీ చేతిలో ఉంటుంది. నేను మాత్రం మొదటి ఏడు ఆ ఏడు రోజులూ ఇంట్లోవాళ్లు పేరుస్తుంటే దగ్గరికి పోకుండా, ఎనిమిదో దానికి ఏకంగా సద్దులదాని మీద చెయ్యి వేశాను. కూలక ఏమవుతుంది!

ముందు లెక్క. పన్నెండు అంగుళాల తాంబాళం తీసుకుందాం. ఇత్తడిది అయితే మంచిది, బరువుంటుంది కాబట్టి మోసేటప్పుడు కుదురుగా ఉంటుంది. లేకపోతే వెదురు సిబ్బి చాలు. మొదటి వరుస తాంబాళం అంచు వెంట, అంటే పన్నెండు అంగుళాల వెడల్పు. పైకి పోయే ఒక్కో వరుసకు అన్ని పక్కలా అరంగుళం లోపలికి జరుపుకుంటూ వస్తే వెడల్పు ఒక్కో అంగుళం తగ్గుతుంది. తొమ్మిదో వరుసకు నాలుగంగుళాలు మిగులుతుంది, అక్కడ ఆపేయొచ్చు. ఇందులో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వరుసలు గునుగువి అనుకోండి. ఆ నాలుగు వరుసల చుట్టుకొలత కలిపితే దాదాపు నూరు అంగుళాలు. ఒక గునుగు కట్ట రెండు అంగుళాలు ఆక్రమిస్తుంది కాబట్టి యాభై కట్టలు కావాలి. కట్టకు పన్నెండు కంకుల చొప్పున ఆరు వందల కంకులు. ఈ లెక్క ఎందుకంటే, సాయంత్రం నాలుగు గంటలకు గునుగు సరిపోలేదని పిల్లలను పొలాలకు పరుగెత్తించే ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. ఆరు వందల కంకులంటే ఇద్దరు గంటసేపు కోస్తే అయిపోయే పని, ముందురోజు కోస్తే.

గునుగు కోశాక రెండు మూడు రోజులున్నా రూపు చెడదు. అందుకే అది ముందు. తంగేడు అట్లా కాదు, మర్నాటికి రేకులు రాలుస్తుంది. దాన్ని చివరికి వదిలిపెట్టి, పేర్చే రోజు పొద్దున్నే కొమ్మతో సహా కోసి, తడిపిన గోనెసంచిలో చుట్టి నీడన పెట్టండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం కదా అని దానికి ఓపిక ఎక్కువ ఉంటుందనుకోవద్దు.

గునుగు కట్ట కట్టేటప్పుడు కంకుల కొసలు సమంగా ఉండేట్టు నేల మీద ఒకసారి తట్టి, అప్పుడు దారం చుట్టండి. కాడలు నాలుగు వేళ్ల పొడవు ఉంచి మిగతాది కత్తిరించండి. ఆ కత్తిరించిన కాడలు పారేయొద్దు, అవే రేపు లోపల దట్టించడానికి పనికొస్తాయి. రంగు నీళ్లు వెడల్పు గిన్నెలో రెండు వేళ్ల లోతు చాలు. కంకి తల మాత్రమే ముంచి, దులిపి, గోనెపట్టా మీద నీడన ఆరబెట్టండి. తడి ఆరకుండా పేరిస్తే ఎర్రది పచ్చదాని మీదికి కారి రెండూ మట్టిరంగుకు తిరుగుతాయి. బజారు రంగులు చెరువు నీళ్లలో కలవడం ఇష్టం లేనివాళ్లు పసుపు నీళ్లతో పని జరుపుకోవచ్చు. అదే పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. బజారు రంగంత మెరుపు ఉండదు, ఉండాలని ఆశించొద్దు. నన్నడిగితే ఒక వరుస గునుగుకు రంగే వేయకండి. ఆ వెండి తెలుపు పక్కన ఉంటేనే మిగతా రంగులకు విలువ.

ఇక పేర్చడం. తాంబాళంలో ముందు గుమ్మడాకులో, మోదుగాకులో పరవండి. అంచు వెంట మొదటి వరుస తంగేడు గుత్తులు, పూలు బయటికి, కాడలు లోపలికి. వరుస పూర్తవగానే మధ్య గుంతలో ఆకు, కాడలు వేసి అరచేత్తో గట్టిగా ఒత్తండి. లోపలి ఆకు మట్టం, బయటి వరుస మట్టం ఒక్కటయ్యాకే రెండో వరుస మొదలుపెట్టాలి. ఇదొక్కటి గుర్తుంటే చాలు. రెండో వరుస గునుగు, మూడోది బంతి, మళ్లీ గునుగు. ప్రతి వరుసకూ ఒత్తడం. మూడు వరుసలకోసారి తాంబాళాన్ని రెండు చేతులతో ఎత్తి కొంచెం ఊపి చూడండి. ఊగితే అక్కడే తెలుస్తుంది, బాటలో తెలియడం కన్నా నయం. పైన తమలపాకు మీద పసుపు గౌరమ్మను పెట్టడంతో అయిపోయింది.

లోపలి ఆసరా సంగతి పూలకొక్కదానికే కాదు. జనగామ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచి రేకు మీద నగిషీ చెక్కే ఊరు అది. అక్కడి పనివాళ్లు పలచటి ఇత్తడి రేకును ఉత్త బల్ల మీద పెట్టి కొట్టరు. లక్కతో చేసిన మెత్త మీద రేకును అతికించి, అప్పుడు ఉలితో సుత్తితో నెమలినో తీగెనో పైకి లేపుతారు. వెనక లక్క పట్టుకుని ఉంటుంది కాబట్టి దెబ్బ పడినా రేకు చిరగదు. పని అయ్యాక లక్కను కరిగించి తీసేస్తారు. షాపులో షీల్డు కొనేవాళ్లకు ఆ లక్క సంగతే తెలియదు. మొదటిసారి అది చూసినప్పుడు మా అత్తమ్మ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఏడాది పొడుగునా గట్టు

బతుకమ్మకు పూలుంటాయి సరే, మిగతా పండుగలకో అంటారు. మిగతా రుతువుల్లోనూ గట్టు ఖాళీగా ఉండదు.

ఫాల్గుణంలో భూపాలపల్లి నుంచి కాళేశ్వరం వెళ్లే దారిలో ఒకసారి బస్సు కిటికీ పక్కన కూర్చోండి. ఆకు లేని మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. క్వార్టర్లలో ఉన్నప్పుడు హోలీకి మేం ఆ పూలే ఏరుకొచ్చేవాళ్లం. రేకులు రాత్రంతా నానబెట్టి పొద్దున ఒక పొంగు రానిస్తే నారింజ పసుపు రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే ఇంకా ముదురుతుంది. చల్లుకోవడానికి అది అందరికీ తెలిసిందే. నేను చేసింది ఇంకొకటి. చినిగిన తెల్ల పంచెలు రెండు ఆ రంగులో ముంచి ఆరేసి, జానెడు వెడల్పు ముక్కోణాలుగా కత్తిరించి పురికొస మీద కుట్టాను. హోలీకి కట్టిన ఆ తోరణం పిల్లల పుట్టినరోజులకు, ఒకసారి మా మరిది పెళ్లికి, చివరికి వినాయక మండపానికి కూడా కట్టారు. ఎండకు రంగు వెలిసిపోతే మళ్లీ ఫాల్గుణం వస్తుంది కదా, మళ్లీ ముంచుతాం.

ఉగాదికి మామిడాకు తోరణం గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోకండి. గుమ్మం మూడున్నర అడుగులంటే నలభై రెండు అంగుళాలు. రెండంగుళాలకొకటి చొప్పున ఇరవై ఒక్క ఆకు చాలు. కొమ్మలకు కొమ్మలు విరవడమెందుకు? ఆకు తొడిమ వైపు దారం మీదికి మడిచి, చీపురు పుల్ల ముక్క గుచ్చితే కదలదు. స్టేప్లర్ కొట్టిన తోరణాన్ని మర్నాడు మేకకు వేయలేం, పుల్ల గుచ్చినదాన్ని పుల్లలు తీసేసి వేయొచ్చు.

శ్రావణం వస్తే మానుకోట చుట్టుపక్కల లంబాడా తండాల్లో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న వెదురు బుట్టల్లో పుట్టమన్ను నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. తొమ్మిదో నాటికి బుట్ట నిండా మొలక. దాన్ని తలకెత్తుకుని పోయి నీళ్లలో కలుపుతారు. అది వాళ్ల మొక్కు, వాళ్ల నియమం. దాన్ని మన బల్ల మీది బొమ్మగా మార్చుకోవాలని నేను చెప్పను. కానీ అందులో ఒక మెలకువ ఉంది. ఆ అలంకరణను ఒక్క రోజులో ఎవరూ తయారు చేయలేరు, తొమ్మిది రోజులు పెంచాలి. మా పాప అయిదో పుట్టినరోజుకు వారం ముందు పది కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి, తనతోనే గోధుమలు చల్లించాను. గోధుమలను ముందు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి ముక్కు పగిలాక చల్లాలి. మట్టి తడిగా ఉండాలి, బురద కాకూడదు. పుట్టినరోజు నాటికి పచ్చటి గడ్డి లేచింది. వచ్చిన పిల్లలకు రిటర్న్ గిఫ్ట్ కూడా అవే. ఒకరిద్దరు తల్లులు మొహం చిట్లించారు, నిజమే చెప్తున్నా. పిల్లలు మాత్రం చిప్పను రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, పెద్ద బాధ్యత మీద పడ్డట్టు నడిచి వెళ్లారు.

దసరా దాటితే పత్తి. మూడు జిల్లాల్లోనూ ఇంటింటికీ పత్తి కనిపించే కాలం అది. దీపావళి పూజకు గెజ్జెవస్త్రం కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, పెరట్లో చెట్టున్నవాళ్లు కూరగాయల అంగట్లో కరివేపాకు కొన్నట్టు. గుప్పెడు పత్తి తీసుకుని గింజలు తీసి, వేళ్లతో విడదీసి, పొడుగ్గా వేలి మందం పట్టీలా లాగండి. పాలలోనో నీళ్లలోనో వేళ్లు తడుపుకుని అంగుళానికోచోట గట్టిగా నలపండి. నలిపినచోట సన్నబడి, మధ్యలో బుగ్గల్లా ఉబ్బుతుంది. నలిపిన చోటల్లా కుంకుమ బొట్టు పెడితే అయిపోయింది. మొదటిది వంకరగా వస్తుంది. పదోది మీరే ఎవరికైనా నేర్పుతారు. ప్రమిదలను ముందురోజు రాత్రి నీళ్లలో నానేస్తే మట్టి నూనె తాగదు, ఇది కూడా ఇక్కడే చెప్పేస్తున్నా.

సంక్రాంతి ముగ్గుల జోలికి నేను పోను. మీ వీధిలో నాకన్నా బాగా వేసేవాళ్లు పదిమంది ఉంటారు, వాళ్ల పక్కన కూర్చోండి.

పుట్టినరోజు, ఫ్లెక్సీ, ఒక చీర

మా బాబు మొదటి పుట్టినరోజుకు అందరిలాగే ఫ్లెక్సీ కొట్టించాం. దాని మీద వాడి పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది, అర్థం మారిపోయింది. సరిచేసే సమయం లేదు. మా తమ్ముడు ఆ అక్షరం మీద ఒక బెలూన్ కట్టాడు. ఫొటోలన్నిటిలో వాడి పేరు మధ్యలో బెలూన్ ఉంటుంది. ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ మా పొలం దగ్గర బోరు మోటారు మీద కప్పి ఉంది. ఎండకు, వానకు చావదు.

2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణకు వాడే థర్మకోల్, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, వంద మైక్రాన్ల కన్నా పలచటి పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. అంటే మన పుట్టినరోజు సామాన్లలో సగం. బజార్లో ఇంకా దొరుకుతాయి, అది వేరే సంగతి. నేను వాటిని మానేసింది నిషేధం వల్ల కాదు, ఆ ఒత్తు వల్ల.

గోడకు ఏం కట్టాలి మరి? పెట్టెలోని చీర. అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే తొమ్మిదడుగుల పొడవు వస్తుంది. రెండు మేకుల మధ్య తాడు కట్టి, చీర మధ్యభాగాన్ని తాడు మీద వేసి, కుచ్చిళ్లు పెట్టినట్టు సర్ది, పిన్నీసులు పెట్టండి. కింద అంచులు రెండు పక్కలకు లాగితే మధ్యలో తెర తెరుచుకున్నట్టుంటుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే దాని ముందు ఇంకేమీ అక్కర్లేదు, కేక్ కూడా చిన్నబోతుంది. మెరుపు జరీ చీరలు మాత్రం వద్దు, ఫొటోలో వెలుతురు తిరగబడుతుంది.

పేరు రాయాలంటే రంగు కాగితాలు. కిరాణంలో దొరికే పలచటి జెండా కాగితం ఒక్కోటి దాదాపు ఇరవై అంగుళాల వెడల్పు, ముప్ఫై పొడవు ఉంటుంది. దాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా అయిదు భాగాలుగా మడిచి కోస్తే పది ముక్కలు. పది మీటర్ల దారానికి, మధ్య మధ్య రెండేసి అంగుళాలు వదిలితే యాభై ముక్కలు పడతాయి. అంటే అయిదు కాగితాలు. అంటించడానికి గమ్ము సీసాలు కొనొద్దు, లై కాచుకోండి. రెండు చెంచాల మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత గ్లాసు నీళ్లలో పోసి సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే నిమిషాల్లో గంజిలా మారుతుంది. చల్లారాక వాడండి. మిగిలింది మర్నాటికి పుల్లబడుతుంది కాబట్టి కొంచెమే కాచండి. పిల్లలు పూసుకున్నా, నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

ఒక్కరే కూర్చోవద్దు

నా మొదటి బతుకమ్మ కూలడానికి రెండో కారణం ఇంతవరకు దాటవేస్తూ వచ్చాను. ఆడబిడ్డలను కూర్చోబెట్టాను కదా. కొత్త కోడలి గొప్ప చూపించుకోవాలని. నలుగురు కూర్చున్నచోట ఒకరు కట్ట కడుతుంటే, ఒకరు రంగు ముంచుతుంటే, ఎవరో ఒక పెద్దమ్మ ఊరికే గోడకు ఆనుకుని చూస్తూ, "అరే, నడుమ ఆకు వెయ్యి పిల్లా" అని అరుస్తుంది. చేతిపనిలో ఆ గోడకు ఆనుకున్న పెద్దమ్మ విలువ ఏ వీడియోకూ రాదు.

కాబట్టి పని పంచండి. మగవాళ్లను వదలొద్దు. గునుగు, తంగేడు కోసుకొచ్చేది మా ఊళ్లో ఎక్కువగా మగపిల్లలే, అన్నదమ్ములే. పండుగ ఆడవాళ్లదైనా పూలు మాత్రం అన్నదమ్ముల భుజాల మీదే ఇంటికొస్తాయి. చిన్నపిల్లలకు కత్తెర ఇవ్వకుండా కంకులు లెక్కపెట్టే పని ఇవ్వండి, పన్నెండు వరకు అంకెలు వాళ్లకు వచ్చేస్తాయి. ముసలివాళ్లకు దారం చుట్టే పని. వాళ్ల కళ్లు తగ్గినా వేళ్లు తగ్గవు. అపార్ట్‌మెంట్లో ఉంటే తలుపు తెరిచి పెట్టుకుని మెట్ల దగ్గర కూర్చోండి, ఎవరో ఒకరు ఆగుతారు.

వాడిపోతుందేమోనన్న బెంగ కూడా పెట్టుకోవద్దు. ఇక్కడ చెప్పినవాటిలో పంచె తోరణం, చీర తప్ప దేన్నీ దాచుకోం. బతుకమ్మ ఆ రాత్రికే నీళ్లలోకి పోతుంది, తీజ్ బుట్ట తొమ్మిదో నాటికి, మామిడాకు మేకకు. ఒక్క సాయంత్రం నిలబడవలసిన వస్తువుకు గీత తప్పని నైపుణ్యం అక్కర్లేదు. కొంచెం వంకరగా ఉన్న వరుస చీకట్లో, దీపం పక్కన, పాట నడుస్తుంటే ఎవరికీ కనబడదు.

ఇంకొక్క సంగతి. ఈమధ్య మా అత్తగారి ఊరి పత్తి చేలల్లో గునుగు పలచబడింది. గడ్డిమందు కొట్టిన చేలో గునుగు కూడా గడ్డే కదా. ఆరు వందల కంకుల కోసం ఇప్పుడు రెండు మూడు చేలు తిరగాలి. అందుకని ఈ ఏడు పూలకు పోయినప్పుడు గట్టు మీదివన్నీ ఊడ్చి తేకండి. చేలో పీకినా గట్టు మీది నాలుగు మొక్కలు కోయకుండా, మందు తగలకుండా వదిలేయమని రైతుకు చెప్పండి. కంకులు ముదిరి నల్లటి సన్న గింజలు రాలేదాకా ఉంటే చాలు, వచ్చే బతుకమ్మకు అవే మొలుస్తాయి.